రక్తపుపోటు – మానరాని మాత్ర

ప్రతి మాఘమాసమునందును అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణమునకు ముందు రాజోలులోని మా యిల్లు చుట్టములతో నిండిపోవుచుండును. నిరుడు ఆ సందడిలోనే మా మేనత్తగారికి పక్షవాతము వచ్చెను. ఈ నెల యీ శీర్షికలో వేరొక విషయము వ్రాయదలచియుంటిమి. కాని మేనత్తగారు తడబడు నాలుకతో, "నాకు జరిగింది నలుగురికీ చెప్పవే అమ్మాయీ, సిగ్గుపడకు" అని మమ్ము నిర్బంధించిరి. కావున మా యింటి పొరపాటును దాచక యిందు వ్రాయుచున్నాము. అట్టి పొరపాటు మీ యిండ్లలోను జరుగుచుండవచ్చును.

వారికి 62 ఏండ్లు. నాలుగేండ్ల క్రిందట కంటిపరీక్షకై పోయినప్పుడు అచ్చటి నర్సమ్మ వారి చేతికి పట్టీ చుట్టి చూచి, పోటు 172/104 ఉన్నదని చెప్పెను. వారికి తలనొప్పి లేదు. కన్నులు తిరుగుట లేదు. తెల్లవారుజామున లేచి యింటిపని యంతయు చక్కబెట్టుకొనుచుండిరి. "నాకేం రోగమే! కోపం కూడా రాదు నాకు" అని నవ్విరి. మరి రెండు దినములు వేర్వేరుగా చూచినను అంకె దిగలేదు. వైద్యులు మొదట రోజున కొక మాత్రయు, పిదప మరియొకటియు నిచ్చిరి. ఆరు మాసములలో పోటు 130/82కు దిగెను.

అపాయము అచ్చటనే మొదలయ్యెను. అంకె దిగినది గనుక రోగము పోయినదని వారు తలచిరి. ఒక చుట్టము, ఆ మాత్రలు మూత్రపిండములను చెరుపునని చెప్పెను. మరియొక యిల్లాలు వెల్లుల్లి మ్రింగిన చాలుననెను. మేనత్తగారు ఎవ్వరితోను చెప్పక మాత్రలు మానివేసిరి. సగము వాడిన మాత్రల అట్ట మూడు మాసములు బియ్యపు డబ్బామీద కదలక పడియుండుట మేము చూచుచునే యుంటిమి. "అత్తయ్యా, మాత్ర వేసుకున్నారా?" అని ఒక్కనాడైనను అడుగలేదు. ఇది మా తప్పు.

తీర్థమునకు బయలుదేరవలసిన వేకువను వాకిట ముగ్గు పెట్టుచుండగా వారి కుడిచేతినుండి పిండి జారిపోయెను. మూతి ప్రక్కకు తిరిగెను. మాట ముద్దయయ్యెను. దిష్టి తీయుమని యొకరు, పసరు పోయింతమని యొకరు, కొంతసేపు పండుకొననిండని యొకరు. ఈ తర్జనభర్జనలలో మూడు గంటలు గడచినవి. తుదకు కారు కట్టించుకొని చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు పోయితిమి. అచ్చటినుండి తలకు స్కానింగు తీయుటకై మరియొక పట్టణమునకు పోవలసివచ్చెను. మెదడులోని నాళమునకు రక్తపుగడ్డ అడ్డుపడినదనియు, దానిని కరిగించు సూదిమందు వేయు గడువు దాటినదనియు వైద్యులు చెప్పిరి. పిదప, "మాత్రలు ఎప్పుడు మానివేశారు?" అని అడిగిరి. మాలో నొక్కరును నోరు మెదపలేకపోయితిమి.

ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము.

ముందుగా ఈ పోటు ఏమో తెలిసికొందము. అంతర్వేదిలో వసిష్ఠ సముద్రమును కలియుచోట ఆటుపోటులను చూడని కోనసీమవారు అరుదు. మన దేహమునందును అట్టివి గలవు. గుండె ముడుచుకొని రక్తమును తోయునప్పుడు నాళముల గోడలపై కలుగు ఒత్తిడి మీది అంకె. గుండె సడలి విశ్రమించునప్పుడు మిగిలియుండు ఒత్తిడి క్రింది అంకె. 1896లో ఇటలీ దేశపు వైద్యుడు రీవా రోచ్చి చేతికి చుట్టు పట్టీని కల్పించెను. 1905లో రష్యా సైన్యమున శస్త్రవైద్యుడగు కొరొట్కోవ్, పట్టీ సడలించునప్పుడు నాళమున వినబడు చప్పుడులనుబట్టి రెండంకెలను కనుగొను మార్గము చూపెను. నేటికిని వైద్యులు చెవికి గొట్టము తగిలించుకొని వినునది ఆ చప్పుడునే.

వైద్యశాలయందు వేర్వేరు దినములలో చూచినప్పుడు పోటు 140/90 గాని అంతకు మించి గాని యున్నచో దానిని అధిక రక్తపుపోటు అందురు. నొప్పి యుండదు. గన్నవరపు అక్విడక్టు మీదుగా మన సీమకు వచ్చు కాలువ నీటిని తలచుకొనుడు. నీరు మితిమీరి ఒత్తుచున్నను గట్టు కేకవేయదు. లోలోపల మన్ను కరగుచుండును. గండిపడిన నాడుగదా ఊరంతయు పరుగెత్తును! గుండెకు, మెదడునకు, మూత్రపిండములకు, కంటిలోని సన్నని నాళములకు ఈ పోటు చేయు కీడు ఇట్టిదే. మాత్ర లాకుతలుపు వంటిది. లాకు దింపినందున గట్టుపై ఒత్తిడి తగ్గినది. నీరు తగ్గినది గదాయని లాకును విరిచివేయువారుందురా? పోటు 130కి దిగుట మాత్ర పనిచేయుచున్నదనుటకు గుర్తు. మాత్ర అక్కరలేదనుటకు గుర్తు గాదు. మా మేనత్తగారికిని మాకును తెలియనిది ఇదియే.

ఇది పట్టణపు ధనికుల రోగమని యెంచువారు ఇంకను గలరు. ఆ మాట మన గోదావరి జిల్లాలయందే అబద్ధమని తేలినది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య పరిశోధన యను పేర, తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనమునందు జరిగిన మరణములను 2003-04లో ఇంటింట విచారించి లెక్కించిరి. మరణించిన 1,354 మందిలో నూటికి 32 మంది గుండెజబ్బు, పక్షవాతము మున్నగు రక్తప్రసరణ రోగములతో పోయినవారే. అంటురోగములతో పోయినవారు వీరిలో సగమైనను లేరు. ఆ గ్రామములు పచ్చని వరిచేల నడుమనున్న మనవంటి గ్రామములే.

మందు లేని కాలమెట్లుండెనో యొక్క యుదాహరణము చెప్పెదము. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టుకు లోకములో దొరకని వైద్యము లేదు. అయినను 1945 ఏప్రిల్ 12వ తేదీని తలలో నాళము చిట్లి ఆయన మరణించెను. ఆనాడు చూచిన పోటు 300/190. ఉప్పు తగ్గించుట, విశ్రాంతి, నిద్రమందు తప్ప వైద్యులయొద్ద చెప్పుకొనదగిన దేదియు నాడు లేకుండెను. నేడు రాజోలులో నొక పేద యిల్లాలికి దొరకు మాత్ర ఆ మహారాజపదవి నలంకరించినవానికి దొరకలేదు.

మందుల చరిత్రలో మన దేశమునకును పాలు గలదు. సర్పగంధ వేరును మనవారు బహుకాలమునుండి ఎరుగుదురు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనువారు అది రక్తపుపోటునకు పనికివచ్చునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులయందలి ఫలితములను ఇంగ్లండులోని హృద్రోగ వైద్యపత్రికయందు వ్రాయగా లోకమంతయు ఆ వేరువైపు చూచెను. 1952లో స్విట్జర్లాండున దానినుండి రిసర్పిన్ అను సారమును వేరుచేసిరి. కాని ఆ మందు కొందరి మనస్సును మిక్కిలి క్రుంగదీయుచుండుటచే, అంతకంటె మంచివి వచ్చిన పిదప వెనుకబడెను. మూలిక గనుక కీడు చేయదనువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలయును. మందు ఆకునందున్నను, మాత్రయందున్నను, దాని బలమును కొలతను ఎరిగి వాడవలసినదే.

మాత్రలవలన నిజముగా మేలు గలదా యను సందేహమును 1967లో అమెరికాలో ఎడ్వర్డ్ ఫ్రైస్ అను వైద్యుడు నడపిన పరీక్ష తీర్చెను. పోటు మిక్కిలి హెచ్చుగానున్నవారిలో మందు పుచ్చుకొన్నవారికంటె పుచ్చుకొననివారికే ఉపద్రవములు బహుళముగా వచ్చినవి. తరువాత జరిగిన అనేక పరీక్షల నన్నిటిని కలిపి 2016లో లెక్కకట్టగా, మీది అంకె 10 తగ్గిన మాత్రమున పక్షవాతపు భయము సుమారు నాల్గవవంతు తగ్గునని తేలినది.

ఇప్పుడు వాడుకలోనున్న మందులు ముఖ్యముగా కొన్ని తెగలవి. ఆమ్లోడిపిన్ నాళములను సడలించును. కొందరికి పాదములు వాచును. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ అనునవి నాళములను బిగించు పదార్థమును అడ్డును. ఎనలాప్రిల్ కొందరికి పొడిదగ్గు తెచ్చును. ఈ ఎనలాప్రిల్ జాతి మందులకు మూలము బ్రెజిల్ దేశపు పాము విషముపై జరిగిన పరిశోధనయే. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథియాజైడ్ అనునవి అదనపు ఉప్పును నీటిని మూత్రముద్వారా పంపును. కావున సాధారణముగా ఉదయమున పుచ్చుకొందురు. అటెనొలాల్, మెటోప్రొలాల్ గుండె వేగమును తగ్గించును. వీనిని హఠాత్తుగా మానుట మరింత ప్రమాదము.

పాదము వాచినను, దగ్గు వచ్చినను, లేచి నిలువబడగనే కన్నులు చీకట్లు క్రమ్మినను, మాత్ర మానివేయక వైద్యునితో చెప్పవలయును. ఒకటి సరిపడకున్న మరియొకటి గలదు. మోతాదు తగ్గించుటయు గలదు. వైద్యుడు తగ్గించుట వేరు, మనము మానుట వేరు. మీ పెనిమిటి మాత్ర మీకును, మీ మాత్ర పొరుగామెకును ఇయ్యకుడు. పేరొక్కటే గాని దేహములు వేరు.

సోదరీమణులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్నలకు క్రమముగా సమాధానము చెప్పెదము.

"ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలట గదా?" చాలమందికి వాడవలసినదే. కంటిజోడు పెట్టుకొన్నవారు చూపు బాగున్నదని జోడు పారవేయరు గదా!

"మాత్రలు మూత్రపిండాలను చెడగొడతాయట గదా?" మూత్రపిండములను చెరుపునది అదుపులేని పోటు, మాత్ర వానిని కాపాడుటకే. కొన్ని మందులు వాడువారు వైద్యుడు చెప్పినప్పుడు రక్తపరీక్ష చేయించుకొనవలయును. నిజముగా వెరవవలసినది కీళ్లనొప్పులకు అడుగకయే కొని మ్రింగు డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలకు. అవి పోటును పెంచును; మూత్రపిండములకును మంచివి గావు.

"ఉపవాసంనాడు మాత్ర వేసుకోవచ్చునా?" ఏకాదశినాడైనను, కార్తిక సోమవారమునాడైనను మాత్ర మానరాదు. గ్రుక్కెడు నీటితో మాత్ర మ్రింగినంతమాత్రమున వ్రతభంగము గాదని మా విశ్వాసము. నీరుగూడ త్రాగని కఠినోపవాసములు తలపెట్టువారు ముందుగా వైద్యుని అడుగవలయును.

"ఒకపూట మరచితే?" జ్ఞాపకమువచ్చినప్పుడు పుచ్చుకొనుడు, మరుసటి మాత్రవేళ దగ్గరపడినచో విడిచివేయుడు. రెండు కలిపి ఒకమారు పుచ్చుకొనరాదు.

"ఖర్చు భరించలేమండీ." ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములయందు పోటు చూచి మాత్రలు ఉచితముగా నిత్తురు. 30 ఏండ్లు దాటిన వారందరికిని పరీక్ష చేయవలెనని ప్రభుత్వ నియమము గలదు. మీ వీధికి వచ్చు ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడుగుటకు మొగమాటపడకుడు. కొనవలసివచ్చినను జనౌషధి దుకాణములయందు అవే మందులు చౌకగా దొరకును. ఈ మాత్రలను క్రమముగా నిచ్చి రోగుల లెక్క తప్పక చూచుకొనుటకై 2017 నవంబరులో భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమము మొదలుకాగా, తొలుత చేరిన రాష్ట్రములలో మన సోదర రాష్ట్రమగు తెలంగాణమును గలదు.

ఇక యింట చేసికొనవలసిన యేర్పాట్లు. మాత్రను ప్రతిదినమును తప్పని యొక పనికి ముడిపెట్టుడు. తులసికి నీరు పోసిన వెంటనే యనియో, ఉదయపు ఫలహారమైన వెంటనే యనియో. గోడమీది పంచాంగపు కాగితముమీద ప్రతిదినమును ఒక గీటు పెట్టుడు. పది దినములకు సరిపడు మాత్రలు మిగిలియుండగనే క్రొత్తవి తెచ్చుకొనుడు. తీర్థమునకు పోవునప్పుడు బట్టలసంచిలోగాక చేతిసంచిలో నుంచుకొనుడు. 2022 జూలైలో వచ్చినట్టి వరద లంకగ్రామములను చుట్టుముట్టినప్పుడు బియ్యము, అగ్గిపెట్టె, దీపముతోపాటు మందుల డబ్బాయు మూటలో నుండవలయును. కువైటు మొదలగు గల్ఫు దేశములలో ఇంటిపనికై పోయిన మన కోనసీమ ఆడపడుచులు అనేకులు గలరు. వారితో ఫోనులో మాటాడునప్పుడు డబ్బు సంగతితోపాటు మాత్ర సంగతియు అడుగుడు.

ఇంట పోటు చూచుకొను యంత్రము గలవారు ఈ పద్ధతి పాటింపవలయును. అరగంట ముందునుండి కాఫీ త్రాగరాదు. మూత్రవిసర్జన చేసి, వీపు ఆనించి, పాదములు నేలనానించి అయిదు నిమిషములు మాటాడక కూర్చుండవలయును. పట్టీ రవికచేతిమీద గాక ఒంటిమీదనే చుట్టి, చేయి గుండె యెత్తున బల్లమీద నుంచవలయును. నిమిషము వ్యవధితో రెండుమారులు చూచి వ్రాసికొనవలయును. ఇంట 135/85 దాటుచుండుట హెచ్చేయని గ్రహింపవలయును. ఒకనాటి అంకెకు బెదరి అదనపు మాత్ర మ్రింగరాదు.

మాత్ర యున్నదిగదాయని ఉప్పు విచ్చలవిడిగా వాడరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు రోజునకు 5 గ్రాముల ఉప్పునకు లోబడవలెననిరి. అది తలగొట్టిన చిన్నచెంచాడు. ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, అప్పడములు, ఎండుచేపలు, ఎండురొయ్యలు అన్నియు ఆ చెంచాలోనివే! మజ్జిగలో విడిగా ఉప్పు వేయుట మానుడు. ఊరగాయను అన్నమునకు కూరగాగాక నాలుకకు రుచిగా మాత్రమే వాడుడు. కొబ్బరినీరు మనకు సమృద్ధి, అది మంచిదే. కాని దానియందు పొటాషియము అధికము. మూత్రపిండముల జబ్బు గలవారును, టెల్మిసార్టాన్ వంటివి వాడుచు మూత్రపిండముల బలము తగ్గినవారును వైద్యుని అడుగక బోండములకు బోండములు త్రాగరాదు. పొటాషియము కలిపిన మారుటుప్పు విషయమును అట్టిదే.

చూలాండ్రకు ప్రత్యేకముగా చెప్పవలసినది గలదు. గర్భముననున్నప్పుడు టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ శిశువునకు హానికరములు. ఆ మందులు వాడు స్త్రీ గర్భమును కోరినచో ముందుగానే వైద్యునితో చెప్పి మందు మార్పించుకొనవలయును. లాబెటలాల్, మిథైల్‌డోపా వంటివి అప్పటికి తగినవి. అయిదవ మాసము దాటిన పిదప పోటు హెచ్చుట, విడువని తలనొప్పి, చూపు మసకబారుట, మొగము వాచుట, కడుపు పైభాగమున నొప్పి కలిగినచో ఒక్క దినమైనను జాగుచేయరాదు. అది తల్లికిని బిడ్డకును గండము.

తుదిగా, మేము పోగొట్టుకొన్న ఆ మూడు గంటల సంగతి. మూతి ప్రక్కకు తిరిగినను, ఒక చేయి ఎత్తి నిలుపలేకున్నను, మాట ముద్దయైనను, వెంటనే 108కి ఫోను చేయుడు. లక్షణము మొదలైన వేళను గడియారము చూచి వ్రాసికొనుడు. గడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలలోపల పడవలయును. అంతకుముందు స్కానింగు కావలయును. ఆ లోగా నోట నీరుగాని, పసరుగాని, పోటుమాత్రగాని వేయరాదు. మ్రింగలేక ఊపిరి గొట్టములోనికి పోవచ్చును. దిష్టి తరువాత తీయవచ్చును. గడియలు తరువాత రావు.

మేనత్తగారు ఇప్పుడు చేతికఱ్ఱతో నడుచుచున్నారు. కుడిచేయి పూర్తిగా స్వాధీనము కాలేదు. ముగ్గు మా చిన్నపిల్ల పెట్టుచున్నది. వారు అరుగుమీద కూర్చుండి చుక్కలు లెక్కచెప్పుచున్నారు. ఉదయము ఎడమచేతితో తామే మాత్ర తీసి వేసికొని పంచాంగముమీద గీటు పెట్టుచున్నారు. వీధిన పోవు ప్రతి పెద్దమ్మను పిలిచి, "మాత్ర వేసుకున్నావా?" అని అడుగుచున్నారు. మొన్న ఒకామె, "ఆయ్, బాగానే ఉంది గదాని మానేశానండి" అనెను. మేనత్తగారు కదలని తమ కుడిచేతిని ఎడమచేతితో ఎత్తి ఆమెకు చూపిరి. ఆమె మాటాడక యింటికి పోయి, మాత్రల అట్ట తెచ్చి వారియెదుటనే ఒకటి వేసికొనెను.

సోదరీమణులారా! ఈ పత్రిక మడచి ప్రక్కనుంచుటకు ముందు మీ యింటి పెద్దలను ఆ ప్రశ్న అడుగుడు. అట్ట ఎచ్చటనున్నదో చూడుడు; ఎన్ని మిగిలినవో లెక్కపెట్టుడు. మేము అడుగని ప్రశ్నను మీరడిగిన, మా యింటి కష్టము కొంతవరకైనను సార్థకమగును.